మరమ్మతు శిబిరం పెడుతున్నారా? పనిముట్లకు ముందు పరీక్ష బల్ల

తిరగని ఫ్యాను, కదలని మిక్సీ, జిప్పు ఊడిన బడిసంచి, ఊచ వంగిన గొడుగు... ప్రతి ఇంటి అటక మీదా ఇలాంటివి రెండో మూడో ఉంటాయి. బాగుచేయించాలంటే దుకాణం దాకా మోయాలి. కొత్తది కొనాలంటే సొమ్ము కావాలి. ఈ రెండూ కుదరక ఆ వస్తువు ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటుంది. అటువంటి వస్తువులన్నింటినీ ఒకరోజు ఒకచోటికి తెప్పించి, పని తెలిసినవారి చేత యజమాని కళ్లెదుటే బాగుచేయించే ప్రయత్నమే సామూహిక మరమ్మతు శిబిరం.

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009 అక్టోబరులో మార్టీన్ పోస్ట్మా అనే పాత్రికేయురాలు ‘రిపేర్ కెఫే’ పేరిట తొలి శిబిరాన్ని నిర్వహించారు. మన దేశంలో బెంగళూరు నగరంలో అంతరా ముఖర్జీ, పూర్ణా సర్కార్ 2015లో ఇదే పద్ధతికి శ్రీకారం చుట్టారు. కాలనీ సంఘమో, కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ విభాగమో, మహిళా సంఘమో పూనుకుంటే ఏ పట్టణంలోనైనా, మండల కేంద్రంలోనైనా దీనిని జరపవచ్చు. ఒక సామాజిక భవనం, పది బల్లలు, నాలుగు గంటల సమయం ఉంటే చాలు.

ఇందుకు పూనుకునేవారు మొదట వేసుకునే ప్రశ్న, ఏయే పనిముట్లు కొనాలన్నది. అంతకంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. బాగుచేసి పంపిన ఇస్త్రీపెట్టె ఇంటికి వెళ్లాక షాకు కొట్టదని ఎవరు, ఏ పరికరంతో పరీక్షించి చెబుతారు? దీనికి జవాబు లేకుండా శిబిరం పెట్టడం ప్రమాదాన్ని ఇళ్లకు పంచిపెట్టడమే అవుతుంది. కనుక పనిముట్ల పెట్టెకు ముందు పరీక్ష బల్లను సిద్ధం చేసుకోవాలి.

పరీక్ష బల్ల మీద ఏముండాలి?

విద్యుత్ వస్తువు ఏదైనా శిబిరంలోకి వచ్చేటప్పుడు ఒకసారి, బయటకు వెళ్లేటప్పుడు మరోసారి ఈ బల్ల మీదుగానే పోవాలి. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారిని గాని, అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌ను గాని ఇక్కడ కూర్చోబెట్టాలి. ఆయనకు వేరే పని అప్పగించరాదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థులు సహాయకులుగా ఉండవచ్చు గాని, తుది సంతకం మాత్రం ఆయనదే.

ముందుగా కావలసినది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దానికి తోడు ఎంసీబీ అమర్చిన స్విచ్ బోర్డు. కరెంటు మనిషి ఒంటి గుండా నేలలోకి పారితే ఆర్‌సీసీబీ క్షణంలో సరఫరాను నిలిపివేస్తుంది. అయితే ఒక చేయి ఫేజుకు, మరొక చేయి న్యూట్రల్‌కు తగిలితే అది కాపాడలేదు. ఈ సంగతి శిబిరంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలియాలి. లోడు పెరిగినప్పుడు సరఫరాను ఆపేది ఎంసీబీ. అందుకే రెండూ ఉండాలి. ఆర్‌సీసీబీ మీది టెస్టు మీటను ఆ ఉదయమే నొక్కి చూసుకోవాలి.

రెండవది మల్టీమీటరు. ఇస్త్రీపెట్టె, గ్రైండరు వంటి లోహపు తొడుగు గల వస్తువుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. ఆ పిన్నుకూ తొడుగుకూ మధ్య మీటరు పెడితే నిరోధం ఒక ఓమ్‌కు లోపే ఉండాలి. అంతకు మించితే ఎర్తు తీగ తెగిందో, వదులయిందో అర్థం. వస్తువు పని చేస్తూనే ఉంటుంది కనుక ఈ లోపం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏనాడో లోపలి ఫేజు తీగ తొడుగుకు తగిలిన రోజున గాని బయటపడదు. మూడు పిన్నుల ప్లగ్గు విరిగిందని రెండు పిన్నులది బిగించి తెచ్చిన ఇస్త్రీపెట్టె వస్తే, యజమాని ఏ మరమ్మతు అడిగినా ముందు ఆ ప్లగ్గును మార్చవలసిందే. చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ముద్రించిన వస్తువులకు రెండు పొరల రక్షణ ఉంటుంది. వాటికి ఎర్తు పరీక్ష అక్కరలేదు.

మూడవది మెగ్గర్. ఇది 500 వోల్టుల డీసీని పంపి ఇన్సులేషన్ ఎంత పటిష్ఠంగా ఉన్నదీ చూపుతుంది. ప్లగ్గులోని ఫేజు, న్యూట్రల్ పిన్నులను కలిపి, వాటికీ తొడుగుకూ మధ్య కొలవాలి. విలువ ఒక మెగాఓమ్ కంటే తగ్గితే ఆ వస్తువును యజమానికి అప్పగించరాదు. మెగ్గర్ ఖరీదైనది. ఒక్కరోజు కోసం కొనవలసిన పని లేదు, ఐటీఐ గాని పాలిటెక్నిక్ గాని అరువు ఇస్తే సరిపోతుంది. పరీక్ష వేళ వస్తువును ఎవరూ తాకరాదు.

నాలుగవది సిరీస్ బల్బు. నూరు వాట్ల పాత తీగ బల్బును వస్తువుతో వరుసలో కలిపి సరఫరా ఇస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. ఫ్యూజు ఎగిరిపోదు. ఫ్యాను, రేడియో, చార్జరు వంటి తక్కువ వాట్ల వస్తువులకు ఇది చక్కని సాధనం. ఇస్త్రీపెట్టె, మిక్సీలకు మాత్రం దీనిని నమ్మరాదు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఎలిమెంటు నిరోధం సుమారు 53 ఓమ్‌లు, 750 వాట్లదానికి సుమారు 70 ఓమ్‌లు. నూరు వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 500 ఓమ్‌లకు పైమాటే. అందువల్ల ఎలిమెంటు నిక్షేపంగా ఉన్నా బల్బు దాదాపు పూర్తిగానే వెలుగుతుంది. షార్టు అయిందని పొరబడి మంచి ఎలిమెంటును తీసేసే ప్రమాదం ఉంది. అక్కడ మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిచి చూడడమే సరైన పద్ధతి. ఎల్‌ఈడీ బల్బులకు ఇప్పుడు అలవాటుపడినందున తీగ బల్బు చాలా దుకాణాల్లో దొరకదు. ముందుగానే వెదికి, ఒకటి అదనంగా ఉంచుకోవాలి.

జేబులో పెట్టుకునే నియాన్ టెస్టరు వెలగలేదు కనుక కరెంటు లేదని నిర్ధారించుకోవడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. శిబిరంలో దానికి చోటు లేదు. మీటరుతో చూశాకనే, ప్లగ్గు తీసి బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టాకనే స్క్రూ విప్పాలి.

భవనం తీగలనూ పరీక్షించాలి

శిబిరానికి రెండు రోజుల ముందే సామాజిక భవనానికి వెళ్లి సాకెట్లను కొలవాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులకు మించి చూపరాదు. లెక్క తప్పితే ఆ భవనంలో ఎర్తింగ్ లేదనో, చెడిందనో గ్రహించి బాగుచేయించాలి, లేదా వేరే భవనం చూసుకోవాలి.

ఆరు ఆంపియర్ల సాకెట్ భరించగలిగేది 1,380 వాట్లే. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రెండు ఇస్త్రీపెట్టెలు తగిలిస్తే ఆ హద్దు దాటుతుంది. ఎలిమెంటు గల వస్తువులన్నింటినీ 16 ఆంపియర్ల సాకెట్ ఉన్న బల్ల దగ్గరే పరీక్షించాలి. బల్లల మీద రబ్బరు పరుపో, ఎండిన చెక్కో ఉండాలి. రేకు బల్లలు పనికిరావు. పొడి రసాయనపు లేదా కార్బన్ డయాక్సైడు అగ్నిమాపక సిలిండరు ఒకటి, రెండు బకెట్ల ఇసుక, ప్రథమ చికిత్స పెట్టె గుమ్మం దగ్గర ఉంచాలి. ఎవరికైనా షాకు తగిలితే ముట్టుకోకుండా మొదట మెయిన్ ఆపాలి, వెంటనే 108కి కబురు చేయాలి. మెయిన్ స్విచ్ దగ్గర ఒక మనిషిని శిబిరం ముగిసేదాకా నిలిపి ఉంచడం తప్పనిసరి.

పనిముట్లు ఇవీ

ఒక్కో విద్యుత్ బల్లకు సాదా, స్టార్ స్క్రూడ్రైవర్లు మూడు సైజుల చొప్పున, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, వైరు తొక్క తీసే స్ట్రిప్పరు, మల్టీమీటరు, చిన్న బ్రష్షు కావాలి. రెండు బల్లలకు కలిపి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి చాలు. సీసం కలిసిన తీగతో పని కనుక ఆ బల్ల కిటికీ పక్కన ఉండాలి, పిల్లలకు దూరంగా ఉండాలి. పని ముగిశాక చేతులు కడుక్కోకుండా టీ కప్పు పట్టరాదు.

విప్పిన స్క్రూలు కలగాపులగం కావడం వల్లనే సగం కాలం వృథా అవుతుంది. గుంటల్లో చిల్లులు లేని పాత ఇడ్లీ రేకులు ఈ పనికి దివ్యంగా ఉంటాయి. విప్పిన వరుసలో ఒక్కో గుంటలో ఒక్కో జత వేసుకుంటూ పోవచ్చు. వస్తువును తెరవక ముందు, తెరిచిన వెంటనే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, తీగలకు కాగితపు టేపు చుట్టి పెన్నుతో గుర్తులు రాసుకోవాలి. సాధారణంగా విద్యుత్ వస్తువుల కార్డులో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు కనిపిస్తాయి. వెనుకటి మరమ్మతులో ఎవరైనా రంగు తప్పి కలిపి ఉండవచ్చు, కనుక రంగును చూసి ఊరుకోక మీటరుతో సరిచూసుకోవాలి.

శిబిరమంతటికీ ఉమ్మడిగా సుత్తి, ఆకురాయి, హ్యాక్సా, స్పానర్ల సెట్టు, అలెన్ కీలు, డ్రిల్లింగ్ మిషన్ ఒక్కొక్కటి సరిపోతాయి. పిల్లల బొమ్మలకు, చార్జర్లకు మూడు మూలల స్క్రూలు, సెల్‌ఫోన్లకు పువ్వు ఆకారపు స్క్రూలు ఉంటాయి. వాటి బిట్లు లేకపోతే తొడుగు తెరుచుకోదు. అన్ని రకాల బిట్లూ ఉన్న ఒక పెట్టె కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. ప్రతి పనిముట్టుకూ ఒక రంగు టేపు చుట్టి, ఏ బల్ల నుంచి వెళ్లిందో ఆ బల్లకే చేర్చే ఏర్పాటు చేయాలి. అరువు తెచ్చిన స్పానరు పోతే మరుసటి శిబిరానికి ఎవరూ పనిముట్లు ఇవ్వరు.

విడిభాగాలు చిన్నవే గాని...

పనిముట్లు అరువు దొరుకుతాయి. విడిభాగాలు దొరకవు. ఆదివారం మధ్యాహ్నం పది రూపాయల ఫ్యూజు కోసం బజారంతా తిరిగి ఖాళీ చేతులతో వచ్చే పరిస్థితి రాకుండా చూసుకోవాలి. అందుకు ఉత్తమ మార్గం వారం ముందే పేర్లు నమోదు చేసుకోవడం. వస్తువు, కంపెనీ, మోడలు, ఏమి చెడింది అనే నాలుగు వివరాలు రాయించుకుంటే ఏయే భాగాలు కొనాలో చాలావరకు తేలిపోతుంది.

సీలింగ్ ఫ్యాను నెమ్మదించిందంటే మొదట అనుమానించవలసింది కండెన్సరును. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌లది, కొన్నింటికి 3.15ది వాడతారు. పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే వేయాలి. ఎక్కువది వేస్తే వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు, వైండింగ్ వేడెక్కుతుంది. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ల సంగతి వేరు. వాటి లోపం తరచుగా సర్క్యూట్ బోర్డులో ఉంటుంది, శిబిరంలో ముట్టుకోకపోవడమే మంచిది.

మిక్సీ కదలడం లేదని తెచ్చేవారిలో కొందరికి ఏ మరమ్మతూ అవసరం ఉండదు. అడుగున ఉండే ఎర్ర మీట లోడు ఎక్కువై బయటకు వచ్చి ఉంటుంది, నొక్కితే మిక్సీ మళ్లీ తిరుగుతుంది. ఆ మాట నమోదు బల్ల దగ్గరే అడగాలి. మిరపపొడి, పసుపు కొట్టే ఇళ్ల మిక్సీలలో కార్బన్ బ్రష్షులు అరిగి నిప్పురవ్వలు రావడం, కప్లర్ పళ్లు విరగడం సాధారణం. బ్రష్షులను జతగానే మార్చాలి. కొలతలు మోడలును బట్టి మారతాయి కనుక ముందస్తు నమోదు లేకుంటే ఇవి సమకూర్చడం కష్టం.

ఇస్త్రీపెట్టెలలో ఎక్కువగా చెడేది కార్డు, అది పెట్టెలోకి దూరే చోట తెగుతుంది. నూలు అల్లిక గల మూడు తీగల కార్డు కొన్ని మీటర్లు తెచ్చి ఉంచాలి. లోపల మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టరాదు, వేడికి కరిగిపోతుంది. గాజునూలు స్లీవులు, ఇత్తడి కనెక్టర్లు వాడాలి. టంకం కూడా పనికిరాదు. టంకం 190 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, నూలు బట్టల సెట్టింగులో పెట్టె అడుగు అంతకు మించి వేడెక్కుతుంది.

ఇవి కాక మూడు పిన్నుల ప్లగ్గులు రెండు సైజులవి, వైరు కనెక్టర్లు, ఫ్యూజులు, స్విచ్చులు, స్క్రూలు, వాషర్లు తగినన్ని ఉంచాలి. జిగురులలో కొన్ని క్షణాల్లో అతుక్కునేది ఒకటి, రెండు ట్యూబులు కలిపి రాసేది మరొకటి. రెండోదానిలో మామూలు రకం గట్టిపడడానికి గంటలు పడుతుంది, కనుక అయిదు నిమిషాల రకాన్నే కొనాలి.

కుట్టుపని, సైకిలు

నాలుగు కుర్చీలు పెట్టినా ఖాళీ లేకుండా నిండేది కుట్టుపని బల్లే. ఒక కుట్టుమిషన్, 14, 16 నంబర్ల సూదులు, మంచి కత్తెర, పదిరంగుల దారం, గుండీలు, హుక్కులు చాలు. జీన్సు బట్టకు 16 నంబరు సూది వాడకపోతే విరిగిపోతుంది. జిప్పు పళ్లు బాగుండి రన్నరు వదులైతే జిప్పంతా విప్పవలసిన పని లేదు. రన్నరు వెనుక 3, 5, 8 వంటి నంబరు ఉంటుంది, అదే నంబరుది ఎక్కిస్తే సరి. బడులు తెరిచే జూన్ నెలకు ముందు శిబిరం పెట్టేవారు సంచుల కోసం 5 నంబరు రన్నర్లు దండిగా తెచ్చుకోవాలి.

సైకిలు పనికి టైరు లివర్లు, పంపు, సొల్యూషన్, ప్యాచీలు, గరకు కాగితం, వాల్వు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను నూనె కావాలి. సొల్యూషన్ రాసి ఆరనిచ్చాకనే ప్యాచీ అంటించాలన్న చిన్న నియమాన్ని తొందరలో మరిచిపోతుంటారు. ఈ బల్ల ఆరుబయట, నీళ్ల తొట్టి పక్కన ఉండాలి.

తీసుకోకూడనివి

గుమ్మం దగ్గరే నిరాకరించవలసిన వస్తువుల జాబితాను పెద్ద అక్షరాలతో రాసి కట్టాలి. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటరులో ప్లగ్గు తీశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. పాత పిక్చరు ట్యూబు టీవీలదీ అదే తీరు. ఫ్రిజ్‌లు, ఏసీలు, ఇన్వర్టరు బ్యాటరీలు, గ్యాస్ పొయ్యిలు, రెగ్యులేటర్లు శిబిరానికి తగవు. నీళ్లు కాచే విద్యుత్ కడ్డీని కూడా ఎంత బతిమాలినా తీసుకోరాదు, దాని స్థానంలో కొత్తది కొనుక్కోవడమే క్షేమం. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు, ఇసుక పోసిన డబ్బాలో ఆరుబయట ఉంచాలి.

ప్రెషర్ కుక్కరుకు గాస్కెట్ మార్చవచ్చు. సేఫ్టీ వాల్వు మార్చాలంటే ఆ కంపెనీ ఆ మోడలుకు ఇచ్చిన అసలు భాగమే కావాలి. అది లేనప్పుడు వాల్వు రంధ్రాన్ని మరొకదానితో మూసి పంపడం పేలుడును కోరి తెచ్చుకోవడమే.

మెకానిక్ పొట్ట కొట్టకుండా

బజారులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుని బతికేవారి సంగతి ఆలోచించకుండా ఉచిత శిబిరం ప్రకటిస్తే, సంఘసేవ పేరుతో వారి ఆదివారపు రాబడిని తీసుకున్నట్లే. వారిని ముందుగానే పిలిచి, రోజు కూలి ఇచ్చి, బల్ల మీద వారి దుకాణం పేరు రాసిన పలక పెట్టడం న్యాయం. శిబిరంలో తేలని పనులను చీటీ రాసి వారికే పంపాలి. మోటారు రీవైండింగ్, బేరింగుల మార్పిడి వంటివి ఎలాగూ నాలుగు గంటల్లో అయ్యేవి కావు. విడిభాగాలు కూడా వారి ద్వారానే కొంటే అసలు, నకిలీ తేడా వారు చెప్పగలరు. చందాల పట్టికలో షామియానా అద్దె, భోజనాలతో పాటు ఈ కూలి పద్దు కూడా ముందే రాసుకోవాలి.

ఒక మరమ్మతుకు అరగంట నుంచి ముప్పావు గంట పడుతుందనుకుంటే నాలుగు గంటల్లో ఒక్కొక్కరు ఆరు వస్తువులకు మించి చూడలేరు. ఎనిమిది మంది ఉంటే 48. నమోదును 40 దగ్గర ఆపేస్తే మధ్యలో వచ్చే చిక్కులకు వెసులుబాటు ఉంటుంది.

రిజిస్టరు, మిగులు

నమోదు పుస్తకంలో వరుస సంఖ్య, వస్తువు, లోపం, చేసిన పని, వేసిన భాగం, ఎర్తు విలువ, ఇన్సులేషన్ విలువ, పరీక్షించినవారి సంతకం ఉండాలి. వస్తువుకు అదే సంఖ్య గల చీటీ కట్టాలి. పరీక్షలో తప్పినదానికి ఎర్రచీటీ కట్టి, ప్లగ్గు ఊడదీసి ఇవ్వాలి. యజమాని నొచ్చుకుంటారని మొహమాటపడితే ఇంత ఏర్పాటూ దండగ. ఏ వస్తువు ఎందుకు చెడుతోందన్న లెక్కలు తయారీదారులను నిలదీయడానికి కూడా అక్కరకు వస్తాయి. విదేశాలలో మరమ్మతు బృందాలు 2017లో ఓపెన్ రిపేర్ అలయెన్స్‌గా ఏర్పడి ఇటువంటి వివరాలనే క్రోడీకరిస్తున్నాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ఆరంభించింది. సేద్యపు పనిముట్లు, సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాల కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట ఉంచడం దాని ఉద్దేశం. పేర్లు నమోదయ్యాక ఆ మోడళ్ల వివరాలు అందులో ఉన్నాయేమో చూసుకోవచ్చు.

శిబిరం ముగిశాక బాగుపడని వస్తువులను యజమాని తిరిగి తీసుకెళ్లాలన్న నియమం నమోదు చీటీ మీదే ఉండాలి. లేకుంటే భవనం గోదాముగా మారుతుంది. యజమాని వదులుకున్నవాటి నుంచి స్విచ్చులు, కార్డులు, స్క్రూలు విప్పి మరుసటి శిబిరానికి దాచుకోవచ్చు. మిగిలిన విద్యుత్ చెత్తను పాత ఇనుము బండికి వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. సెల్‌ఫోన్ బ్యాటరీల కొసలకు టేపు అంటించి, ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్‌ బల్బులు పగలకుండా అట్టపెట్టెలో విడిగా కట్టి, రీసైక్లర్ వాహనం వచ్చే తేదీని శిబిరానికి ముందే ఖాయం చేసుకోవాలి.